గ్లూవైన్... మన ఇంట్లో, రెండు గిన్నెల్లో!

మస్కట్‌లో చలికాలం అంటే ఏముంటుంది లెండి! పగలు 25 డిగ్రీలు, రాత్రి ఓ 18. ఆ మాత్రానికే మనం బీరువా అడుగునున్న స్వెట్టర్లు తీసి, కలరా ఉండల వాసన పోయేదాకా ఎండలో ఆరేసి, కార్నిష్ మీద షికారుకి బయల్దేరిపోతాం. ఎనిమిది నెలలు ఏసీ కింద బతికిన ప్రాణాలకి ఆ చల్లగాలి పెద్ద పండగే మరి. శుక్రవారం బార్బెక్యూలు, బీచ్ పార్టీలు, పిల్లల క్రికెట్టు... అన్నీ ఈ మూడు నెలల్లోనే.

సరిగ్గా ఇదే సమయంలో జర్మనీలో ఊరూరా క్రిస్మస్ సంతలు మొదలవుతాయి. ప్రాజెక్టు పని మీద రెండు చలికాలాలు న్యూరెంబర్గ్‌లో గడిపాను నేను. మధ్యాహ్నం నాలుగున్నరకే చీకటి. ఆఫీసు నుంచి బయటికొస్తే ముక్కు, చెవులు ఉన్నాయో లేదో తడుముకోవాల్సిన చలి. ఊరి నడిబొడ్డున హౌప్ట్‌మార్క్ట్ అనే పెద్ద కూడలి, ఎరుపు తెలుపు చారల గుడ్డ కప్పిన చెక్క కొట్లు, దూరం నుంచే మొహానికి తగిలే దాల్చిన చెక్క, లవంగం వాసన. అచ్చం మన పెళ్లింట్లో వంటల పాకకి వెళ్లినట్టే ఉండేది! ఆ వాసన వస్తున్నది ‘గ్లూవైన్’ నుంచి. మసాలా దినుసులు, నారింజ తొక్క, పంచదార వేసి వేడిచేసిన ద్రాక్ష సారాయి అన్నమాట. పూర్వం ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీ ముంచి వైన్‌ని వేడిచేసేవారని, ‘గ్లూ’ అంటే ఆ నిప్పు కణికలాంటి ఎరుపేనని చెప్తారు. పింగాణీ మగ్గులో పోసి ఇస్తారు. మగ్గుకి కొంత డబ్బు డిపాజిట్ కట్టాలి, తిరిగిస్తే వెనక్కిస్తారు. ఏటా మగ్గు మీద బొమ్మ మారుతుంది కాబట్టి చాలామంది తిరిగివ్వకుండా ఇంటికి పట్టుకుపోతారు. మా ఇంట్లోనూ నాలుగున్నాయి, మా ఆవిడ వాటిలో ఇప్పుడు కరివేపాకు మొక్కలు పెంచుతోంది.

ఈ గ్లూవైన్‌ని మస్కట్‌లో, అదీ పిల్లాపాపలున్న ఇంట్లో ఎలా చేసుకోవాలో రాయమని సంపాదకులు అడిగినప్పుడు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఇందులో సరదాతో పాటు కాస్త సీరియస్ విషయం కూడా ఉందనిపించింది. అది కాస్త ఆగి చెప్తాను.

జర్మన్ గిన్నెలో మన మసాలా డబ్బా

జర్మన్లు ఇది మాది అంటారు. అనుకోనిద్దాం, పాపం! కానీ గిన్నె మూత తీసి చూడండి. దాల్చిన చెక్క, లవంగాలు, అనాసపువ్వు, యాలకులు, అల్లం, జాజికాయ. ఇందులో ఒక్కటైనా జర్మనీ నేల మీద పండుతుందా? అన్నీ మన హిందూ మహాసముద్రం దాటి, ఇంకా తూర్పు నుంచి వెళ్లినవే.

జర్మనీలో దొరికిన పాత గ్లూవైన్ వంటకాల్లో పేరుపొందినది 1834 డిసెంబర్ 11 నాటిది. డ్రెస్డెన్ దగ్గర రాడెబాయిల్‌లో ఉండే వాకర్‌బార్త్ అనే దొరగారు రాసిపెట్టుకున్నారు. దానిలో ఏమేం ఉన్నాయో చూడండి: నాలుగు ‘లోట్’ల దాల్చిన చెక్క, రెండు లోట్‌ల అల్లం, ఒక్కొక్క లోట్ చొప్పున సోంపు, దానిమ్మ, జాజికాయ, యాలకులు, ఆపైన చిటికెడు కుంకుమపువ్వు. ఒక లోట్ అంటే సుమారు 15 గ్రాములు. తీపికి తేనెగానీ పంచదారగానీ. ఇంకో విశేషం... ఆయన వాడింది రెడ్ వైన్ కాదు, వైట్ వైన్!

ఈ చీటీ ఊరు పేరు చెప్పకుండా ఎవరి చేతికైనా ఇస్తే ముత్రా సూక్‌లో సామాన్ల లిస్టు అనుకుంటారా, జర్మన్ దొరవారి డైరీ అనుకుంటారా? యాలకులు లేని ఒమానీ కహ్వా లేదు. దానిమ్మంటే జబల్ అఖ్దర్. కుంకుమపువ్వు ఒమానీ హల్వాలో పడాల్సిందే.

ఇంకా వెనక్కి వెళ్తే రోమన్ల కాలం. అపీషియస్ పేరుతో ఉన్న వంటల పుస్తకంలో ‘కొండిటుమ్ పారడాక్సుమ్’ అని ఒక మసాలా వైన్ ఉంది. తేనె, మిరియాలు, కుంకుమపువ్వు, ఖర్జూరాలు... ఆఖరికి వేయించిన ఖర్జూరం గింజలు కూడా వేస్తారు అందులో. మిరియాలు మన మలబారు తీరం నుంచి ఓడల్లో వెళ్లినవే. మన శ్రీరామనవమి పానకంలో మిరియాలు, యాలకులు, శొంఠి, బెల్లం ఉంటాయి కదా, ఆ రోమన్ వైన్‌ని చూస్తే దానికి దూరపు చుట్టంలా లేదూ?

లవంగం కథ అయితే నేరుగా మన మస్కట్‌కే వస్తుంది. ఒకప్పుడు లవంగం ఇండోనేషియాలోని మలుకు దీవుల్లో తప్ప ఎక్కడా పండేది కాదు. 1770 ప్రాంతంలో ఫ్రెంచివాళ్లు మొక్కల్ని దొంగచాటుగా మారిషస్‌కి తెచ్చారు. అక్కడి నుంచి 19వ శతాబ్దం మొదట్లో జాంజిబార్‌కి చేరాయి. ఒమన్ పాలకుడు సయ్యిద్ సయీద్ తన రాజధానినే మస్కట్ నుంచి జాంజిబార్‌కి మార్చుకుని, అక్కడ లవంగం తోటలు విస్తారంగా వేయించాడు. కొన్ని దశాబ్దాల్లో ప్రపంచం వాడే లవంగాల్లో ఎక్కువ భాగం ఆ దీవుల నుంచే వెళ్లే స్థితి వచ్చింది. ఆ తోటల్లో చెమటోడ్చింది మాత్రం ఆఫ్రికా నుంచి పట్టితెచ్చిన బానిసలు. పిల్లలకి లవంగం కథ చెప్పేటప్పుడు ఆ సంగతి దాటేయకూడదు. 1964లో జాంజిబార్‌లో విప్లవం వచ్చాక అక్కడి ఒమానీ కుటుంబాలు చాలా ఇటు తిరిగొచ్చాయి. మన ఆఫీసుల్లో స్వాహిలీ మాట్లాడుకునే ఒమానీ మిత్రులు కనిపిస్తుంటారే, వారిలో చాలామంది పెద్దలది ఆ కథే.

మరి మన తెలుగువాళ్ల సంగతేమిటి అంటారా? సూర్ దగ్గర కల్హాత్ శిథిలాలు చూసే ఉంటారు, 2018లో యునెస్కో జాబితాలో చేరింది. 13వ శతాబ్దంలో మార్కో పోలో ఈ రేవు గురించి రాశాడు, ఇక్కడి నుంచి ఓడల్లో గుర్రాలు ఇండియా వెళ్లేవని. అదే మార్కో పోలో పుస్తకంలో ‘ముత్ఫిలి’ కూడా ఉంది. అంటే మన బాపట్ల దగ్గరి మోటుపల్లి! సముద్ర వ్యాపారులకి అభయమిస్తూ కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం ఇప్పటికీ అక్కడ ఉంది. ఒకే పుస్తకంలో మన పుట్టినిల్లూ, మనం ఉద్యోగానికొచ్చిన ఊరూ... చూశారా!

‘‘బాగా మరిగిస్తే పోతుందిగా?’’

ఇప్పుడు ఇందాక ఆపిన విషయం. పార్టీల్లో చూస్తుంటాం కదా. పెద్దలందరూ ఘుమఘుమలాడే మగ్గులు పట్టుకుని నిలబడతారు. పిల్లల చేతికి మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసిన పెప్సీ డబ్బా ఇస్తారు. పోయిన డిసెంబర్‌లో మా చిన్నవాడు సూటిగా అడిగేశాడు: ‘‘నాన్నా, మంచి వాసన వచ్చేవన్నీ పెద్దవాళ్లకేనా?’’ పక్కనే ఉన్న ఒక మిత్రుడు, నన్ను బావగారూ అని పిలుస్తాడు లెండి, వెంటనే ఉపాయం చెప్పాడు. ‘‘దానికేముంది బావగారూ, బాగా మరిగించెయ్యండి, ఆల్కహాల్ అంతా ఆవిరైపోతుంది. అప్పుడు పిల్లలకీ పోయొచ్చు, తాగనివాళ్లకీ పోయొచ్చు!’’

ఈ మాట మీరూ వినే ఉంటారు. చాలామంది నిజమనే నమ్ముతారు. కాదండీ.

ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్లు 100 దగ్గర. కాబట్టి 78 దాటగానే ఆల్కహాల్ మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతుందనుకుంటాం. కానీ నీళ్లూ ఆల్కహాలూ కలిసిపోయాక అవి అంత తేలిగ్గా విడిపోవు. రెండూ కలిసే ఆవిరవుతాయి, ఆల్కహాల్ కాస్త ఎక్కువ పాళ్లలో, అంతే. అమెరికా వ్యవసాయ శాఖ వంటల్లో ఎంత ఆల్కహాల్ మిగులుతుందో పట్టిక వేసి పెట్టింది. 15 నిమిషాలు సన్నసెగ మీద ఉడికితే 40 శాతం మిగిలే ఉంటుంది. అరగంటకి 35 శాతం. గంటకి 25. రెండున్నర గంటలు ఉడికించినా 5 శాతం అలాగే ఉంటుంది. గిన్నె వెడల్పుని బట్టీ, మూతని బట్టీ ఈ అంకెలు అటూ ఇటూ కావచ్చు, సున్నా మాత్రం కాదు.

మనది కంప్యూటర్ బుర్ర కదా, లెక్క వేయకపోతే నిద్రపట్టదు. 750 మిల్లీలీటర్ల సీసాలో 12.5 శాతం అంటే దాదాపు 94 మిల్లీలీటర్ల అచ్చమైన ఆల్కహాల్. అరగంట ఉడికించాక కూడా దానిలో 33 మిల్లీలీటర్లు మిగులుతుంది. 5 శాతం బీరు 330 మిల్లీలీటర్ల డబ్బాలో ఉండేది పదహారున్నర. అంటే అరగంట మరిగించిన గిన్నెలో ఇంకా రెండు బీరు డబ్బాల సరుకుంది! అది ఏడేళ్ల పిల్లాడికి పోస్తామా?

పిల్లల సంగతి ఒకటైతే, అతిథుల సంగతి ఇంకోటి. మా ఇంటికి ఒక ఒమానీ సహోద్యోగి కుటుంబంతో వస్తుంటారు. ఆయన ఇంటికి మనం వెళ్తే ముందు ఖర్జూరాలు పెడతారు, తర్వాత చిన్న ఫింజాన్‌లో కహ్వా పోస్తారు. కప్పు ఊపి ‘చాలు’ అనేదాకా పోస్తూనే ఉంటారు. శాకాహారులమని తెలిసి మాకోసం వేరే గిన్నెలో, వేరే నూనెలో వండించిన మనిషి ఆయన. ‘‘మాంసం తగలలేదు, నిశ్చింతగా తినండి’’ అని వాళ్లావిడ వంటింట్లోకి తీసుకెళ్లి మరీ చూపించింది మా ఆవిడకి. అలాంటివాళ్లు మన ఇంటికొచ్చి మగ్గు అందుకుని ‘‘ఇందులో ఏముంది?’’ అని అడిగితే ‘‘వైనే కానీ మరిగించాం’’ అని నసుగుతామా? వాళ్లు అడిగే అవసరమే లేకుండా మనమే ముందు చెప్పగలగాలి. మన సంఘంలోనే తాగనివాళ్లున్నారు, మందులు వాడేవాళ్లున్నారు, పార్టీ అయ్యాక కారు నడపాల్సినవాళ్లున్నారు. అందరికీ వర్తించే మాటే ఇది.

అందుకే మా ఇంట్లో పద్ధతి రెండు గిన్నెలు. వైన్ ముఖం చూడని గిన్నె ఒకటి. దానికి వేరే గరిట, వేరే వడపోత, వేరే రంగు మగ్గులు. మా ఆవిడ దీన్ని ఊరగాయ జాడీ మడిలా పాటిస్తుంది. ‘‘ఏవండీ, ఆ గరిట ఇందులో పెట్టారో...’’ అంటే చాలు, నేను రెండడుగులు వెనక్కేస్తాను. ఇంకో ముఖ్యమైన సంగతి, ముందు చేయాల్సింది, ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఈ గిన్నె మీదే. పెద్దలది అయ్యాక మిగిలిన మసాలాతో ఏదో చేసి పడేస్తే పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు.

పిల్లల గిన్నె

జర్మన్లు కూడా పిల్లలకి విడిగా ‘కిండర్‌పున్ష్’ అని చేస్తారు. పండ్ల రసాలు, పండ్ల టీ కలిపి. మా పక్క విల్లాలో ఉండే జర్మన్ ఆవిడ ఆ టీ పొట్లం తెచ్చి చూపించినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. పొట్లంలో ఎర్రటి ఎండు రేకులు. నోట్లో వేసుకుంటే పుల్లగా, ఎక్కడో తిన్న రుచి. ఏమిటా అనుకుంటే... గోంగూర! మన ఎర్రగోంగూర మొక్కకి పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి దళసరి రేకులు. అరబ్బులు ‘కర్కడే’ అంటారు, ముత్రా సూక్‌లో గోనెల్లో పోసి అమ్ముతారు. క్రిస్మస్ సంతలో జర్మన్ పిల్లలు ఊదుకుంటూ తాగేది గోంగూర కషాయమేనంటే మా అమ్మాయి పగలబడి నవ్వింది.

సుమారు 8 మగ్గులకి కావలసినవి: ఎర్ర ద్రాక్ష రసం 750 మి.లీ., దానిమ్మ రసం 500 మి.లీ., నీళ్లు 300 మి.లీ., కర్కడే రేకులు రెండు పెద్ద చెంచాలు, దాల్చిన చెక్క రెండు ముక్కలు, లవంగాలు 5, యాలకులు 4 (కాస్త చితక్కొట్టి), అనాసపువ్వు ఒకటి, బొటనవేలంత అల్లం, ఒక నారింజ, ఒక లూమీ. తీపికి ఖర్జూరపు పాకం ఒకటి రెండు చెంచాలు.

లూమీ అంటే తెలుసుగా, ఒమానీ ఎండు నిమ్మకాయ. నల్లగా, తేలిగ్గా, చూడ్డానికి పాడైపోయినట్టుంటుంది. మొదటిసారి చూసినవాళ్లు చెత్తబుట్టలో వేస్తారు! ఉప్పునీళ్లలో ఉడికించి ఎండబెట్టింది. పులుపుతో పాటు కొంచెం పొగ వాసన లాంటి గుణం ఇస్తుంది. ద్రాక్ష రసంలోని వెగటు తీపిని ఇదే విరుస్తుంది. రెండు చోట్ల పొడిచి వేయాలి, పగలగొట్టకూడదు, గింజలు చేదు.

రసాలు కొనేటప్పుడు అట్ట మీద చిన్న అక్షరాలు చదవండి. ‘డ్రింక్’ అనీ, ‘నెక్టార్’ అనీ ఉంటే అందులో నీళ్లూ పంచదారా కలిసినట్టే. వంద శాతం జ్యూస్ అన్నదే తీసుకోండి. జబల్ అఖ్దర్ దానిమ్మలు ఆగస్టు చివరి నుంచి అక్టోబర్ దాకా వస్తాయి. అప్పుడే కొని రసం తీసి ఫ్రీజర్‌లో దాచుకుంటే డిసెంబర్‌కి అంతకు మించింది లేదు. మేం ఏటా సైఖ్ పీఠభూమి మీదికి వెళ్లినప్పుడు ఒక పెట్టె తెచ్చుకుంటాం. గింజలు వలిచే పని పిల్లలది, గోడల మీది మరకలు తుడిచే పని నాది.

చేసే విధానం సులువే. నీళ్లలో దాల్చిన చెక్క, లవంగాలు, యాలకులు, అనాసపువ్వు, అల్లం ముక్కలు వేసి పది నిమిషాలు బాగా మరిగించండి. ఇందులో ఎగిరిపోవడానికి ఆల్కహాల్ లేదు కాబట్టి భయం లేదు, మసాలా సారం మొత్తం నీళ్లలోకి దిగుతుంది. చివరి ఐదు నిమిషాల్లో లూమీ వేయండి. స్టవ్ కట్టేసి కర్కడే వేసి మూతపెట్టి ఇంకో ఐదు నిమిషాలు ఉంచండి. రంగు చూడండి ఇప్పుడు! వడగట్టి, రెండు రసాలూ పోసి, నారింజ చక్రాలు వేసి, ఆవిరి పైకి లేచేదాకా మాత్రమే వేడిచేయండి. రసాలు తెర్లితే తాజాదనం పోయి జామ్ వాసనొస్తుంది. రుచి చూసి అప్పుడు ఖర్జూరపు పాకం కలపండి, ముందే పోసేయకండి. మగ్గులో నాలుగు కిస్‌మిస్‌లు, రెండు బాదం పలుకులు వేస్తే అడుగున దొరికే నిధి కోసమైనా పిల్లలు మొత్తం తాగేస్తారు. పిల్లలకి అందించే ముందు గోరువెచ్చగా అయ్యిందో లేదో చూసుకోండి. ఖర్జూరపు పాకం బదులు తేనె వాడితే మాత్రం ఏడాది లోపు పసిబిడ్డలకి చుక్క కూడా నాకించకూడదు.

దాల్చిన చెక్క గురించి ఒక మాట. మనకి బజార్లో మామూలుగా దొరికేది మందపాటి బెరడు ముక్క, దాన్ని కాషియా అంటారు. దానిలో కూమరిన్ అనే పదార్థం కాస్త ఎక్కువ, మోతాదు మించితే కాలేయానికి మంచిది కాదు. 2006లో జర్మనీలోనే క్రిస్మస్ బిస్కెట్ల విషయంలో దీని మీద పెద్ద గొడవ జరిగింది, పిల్లలు మరీ ఎక్కువ తినకూడదని అక్కడి ప్రభుత్వ సంస్థ హెచ్చరించింది. సిలోన్ దాల్చిన చెక్కలో ఇది చాలా తక్కువ. చుట్ట బీడీలా పల్చటి పొరలు పొరలుగా చుట్టుకుని, చేత్తో నులిమితే పొడి అయ్యేది సిలోన్‌ది. గట్టిగా ఒకే పొరగా ఉండేది కాషియా. ఏడాదికోసారి ఒక మగ్గు తాగితే ఏమీ కాదు, కానీ పిల్లల గిన్నెకి నాలుగు బైసాలు ఎక్కువైనా సిలోన్‌దే కొనడం నా అలవాటు.

పిల్లలూ, ఇది మీకు! అమ్మ మసాలాలు గిన్నెలో వేసే ముందు కళ్లకి గంతలు కట్టుకుని ఒక్కొక్కటీ వాసన చూసి పేరు చెప్పండి. లవంగానికీ, అనాసపువ్వుకీ, సోంపుకీ తేడా చెప్పగలిగితే మీరు గొప్పవాళ్లే. ఆ తర్వాత అట్లాసు తీసి ఒక్కొక్కటీ ఏ దేశం నుంచి వచ్చిందో వేలు పెట్టి చూపించండి. మా ఇంట్లో ఈ ఆటలో నాన్నే ఎప్పుడూ ఆఖరు.

పెద్దల గిన్నె

పెద్దలది త్వరగా చెప్పేస్తాను. ముందుగా మనం ఉన్న దేశం మర్యాద. ఇక్కడ ముస్లిమేతర నివాసులు ఇంట్లోకి మద్యం కొనుక్కోవాలంటే రాయల్ ఒమన్ పోలీస్ ఇచ్చే లైసెన్సు ఉండాలి. తాగడం ఇంటి నాలుగు గోడల మధ్యే. బీచ్‌లో, వాదీల్లో, క్యాంపుల్లో కాదు. తాగి కారు నడపడం గురించి చెప్పనే అక్కర్లేదు. నియమాలు మారుతుంటాయి, కొనే ముందు తాజాగా ఏముందో కనుక్కోండి. గ్లూవైన్ అంటే కొన్న వైన్‌ని వేడిచేసుకోవడమే తప్ప, ద్రాక్షపళ్లు పులియబెట్టే ప్రయోగాలు కాదని ఉత్సాహవంతులకు మనవి!

ఒక సీసా రెడ్ వైన్. ఖరీదైనది అక్కర్లేదు, మరీ వగరు లేనిదైతే చాలు. పంచదార 60 నుంచి 80 గ్రాములు, దాల్చిన చెక్క ఒక ముక్క, లవంగాలు 4, అనాసపువ్వు ఒకటి, అర నారింజ. వాకర్‌బార్త్ దొరవారి మీద గౌరవం ఉంటే గుప్పెడు దానిమ్మ గింజలు, రెండు యాలకులు, కుంకుమపువ్వు రెండు రేకలు. నారింజ తొక్క లోపలి తెల్లభాగం చేదు, అది రాకుండా పైపైన చెక్కాలి.

కిటుకంతా వేడిలో ఉంది. మరగనివ్వకూడదు. 70, 75 డిగ్రీలు చాలు. ఇంట్లో వంటల థర్మామీటర్ ఉంటే సరే, లేకపోతే అంచుల వెంబడి చిన్న చిన్న బుడగలు కనిపించబోయే ముందే దించేయడం. పంచదార కరిగాక స్టవ్ కట్టేసి, మూతపెట్టి అరగంట వదిలేయండి. మసాలా దానంతటదే దిగుతుంది. వడగట్టి, మళ్లీ కాస్త వెచ్చచేసి పోయండి. మరిగిస్తే రెండు నష్టాలు. ఆల్కహాల్ పూర్తిగా పోదు, రుచి మాత్రం పోతుంది, వగరూ చేదూ తేలతాయి. యూరప్ నిబంధనల ప్రకారం 7 శాతం ఆల్కహాల్ కూడా లేనిదాన్ని సీసాలో పోసి గ్లూవైన్ అని అమ్మకూడదు. అంటే మన బావగారి మరిగించిన సరుకు అటు పిల్లలకీ పనికిరాదు, ఇటు జర్మన్లూ గ్లూవైన్ అని ఒప్పుకోరు!

న్యూరెంబర్గ్ వాళ్లకి బ్లూబెర్రీలతో చేసే ఎర్రటి గ్లూవైన్ ప్రత్యేకం. మనకి బ్లూబెర్రీల ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. బదులుగా నేరేడుపళ్ల రసం వేసి చూడాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. ఎవరైనా చేస్తే కబురు చేయండి.

జబల్ షమ్స్ మీద

మస్కట్ చలికి ఈ మగ్గు కొంచెం ఎక్కువే. దీని అసలు విలువ తెలియాలంటే జనవరిలో జబల్ షమ్స్ ఎక్కాలి. శిఖరం దాదాపు 3000 మీటర్లు, మనం టెంట్లు వేసుకునే మైదానం సుమారు 2000 మీటర్ల ఎత్తున ఉంటుంది. రాత్రి సున్నా దగ్గరికి పడిపోతుంది. అక్కడికి వెళ్లేది మాత్రం పిల్లల గిన్నె ఒక్కటే. చట్టానికి ఇబ్బంది లేదు, కొండ మలుపుల్లో బండి నడిపేవాళ్లకీ ఇబ్బంది లేదు. ఇంట్లోనే మసాలా కషాయం కాచి సీసాలో పోసుకుని, రసాలు విడిగా తీసుకెళ్లి, అక్కడ చిన్న గ్యాస్ స్టవ్ మీద కలిపి వేడిచేసుకుంటాం. అంత ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు 93 డిగ్రీలకే మరిగిపోతాయి. అక్కడ టీ ఎందుకు పల్చగా వస్తుందో, కందిపప్పు ఎందుకు ఉడకదో పిల్లలకి పుస్తకం లేకుండా అర్థమవుతుంది.

పోయిన జనవరిలో నాలుగు కుటుంబాలం వెళ్లాం, మా ఒమానీ మిత్రుడి కుటుంబంతో సహా. ఆయన వాళ్లమ్మగారు కూడా వచ్చారు. జాంజిబార్‌లో పుట్టిన మనిషి. మగ్గు అందుకుని, తాగకుండా ముందు వాసన చూసి, ‘‘కరఫూ’’ అన్నారు. స్వాహిలీలో లవంగమని ఆయన చెప్పాడు. చిన్నప్పుడు వాళ్లింటి ముందు చాపల మీద లవంగాలు ఎండబోసేవారట, బడి నుంచి వస్తుంటే వీధి మొదట్లోనే ఆ వాసన తగిలేదట. పిల్లలంతా ఆవిడ చుట్టూ చేరారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, వీళ్లకి స్వాహిలీ రాదు. మధ్యలో ఆయన అనువాదం చేస్తూనే ఉన్నాడు. మగ్గులు మూడుసార్లు నింపాల్సి వచ్చింది.

ఒకవేళ మీ ఇంట్లో పిల్లల గిన్నె మిగిలితే, ఎక్కువసార్లు మిగలదు గానీ, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో వాడేయండి. అప్పటికీ మిగిలితే ఐస్ పుల్లల మూసల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. ఏప్రిల్ చివరికి మనకి ఎలాగూ 40 డిగ్రీలు మొదలవుతాయి కదా!